నాంచారమ్మ ఎడం తలుపు

నాంచారమ్మ అని ఒకావిడ ఉండేదంట. ఉండేదంట ఏందిలే, ఇప్పటికీ ఉంది, గుండ్రాయి మల్లే ఉంది, కానీ ఊరి పేరు మాత్రం నేను చెప్పను. ఈయనెవరో టౌను నుంచి వచ్చాడు, కతలు రాసుకుంటాడంట, ఆ ఫోను తెచ్చి నా మూతి కాడ పెట్టాడు. అది నా మాటలు మింగి ఏడికి పోయి ఎవరి చెవిలో కక్కుద్దో నాకేం తెలుసు? ఏమయ్యా, ఆగిందా అది, నడుస్తానే ఉందా? నడుస్తానే ఉందంట. సరే, కానీ. మీరు చింతపండు గింజలు తీస్తా వినండే. ఒసే, నోట్లో వేసుకోమాక, నేను చూస్తానే ఉన్నా. ఆ, నాంచారమ్మ. ఆవిడకి అనుమానం. ఎట్టాంటి అనుమానం అనుకున్నారు? కొట్లో నూనె పోస్తే గిన్నెలో వేలు ముంచి చూసుద్ది. గుళ్లో పూజారి కొబ్బరిచిప్ప తిరిగిస్తే, ఇది నేనిచ్చిన కాయేనా అని పీచు తిప్పి చూసుద్ది. సొంత కోడి గుడ్డు పెట్టినా, ఇది పెట్టిందా, ఎవరన్నా తెచ్చి పెట్టారా అని కాసేపు ఆలోచన చేసుద్దంట. అట్టాంటి మనిషి.

ఆవిడ మొగుడు పున్నారావు. నోట్లో నాలిక లేని మనిషి. పున్నారావు తమ్ముడు శేషగిరి, శేషగిరి పెళ్లాం తిరపతమ్మ. ఇద్దరన్నదమ్ములకీ ఒకటే ఇల్లు అనుకో. నడిమధ్య సావిడి, అటో వంటిల్లు, ఇటో వంటిల్లు. పొలం కూడా అంతే. పైచేను పెద్దోడిది, కింది చేను చిన్నోడిది. కాలవ నీళ్లు ముందు పైచేలోకొచ్చి, ఆడ గట్టుకి కొట్టిన మడవలో నుంచి కిందకి దిగాల. మడవ ఎవరి చేతిలో ఉంటే నీళ్లు వాళ్ల చేతిలో ఉన్నట్టే, మీకు చెప్పేదేముంది. ఎండాకాలం పంటకి నీళ్లు సన్నంగా వచ్చే రోజుల్లో శేషగిరి కింద నిలబడి, అన్నో, నీళ్లు అందట్లేదో, అని అరిచేవాడంట. పున్నారావు పార పట్టుకుని లేవబోతే నాంచారమ్మ ఆయన పంచె పట్టుకుని లాగి, కూర్చో, గాలి అటు తోలతంది, మనకి వినపళ్లా, అనేదంట. గాలి ఎటు తోలేదో దేవుడికెరుక.

ఇట్టా ఉండగా ఏమైందంటే, పున్నారావుకి షుగరొచ్చింది. బిళ్లలకి లొంగే షుగరు కాదు. పొద్దునా సాయంత్రం పొట్టకి సూది పొడుచుకోవాల్సిందే. ఆ సూది మందు చల్లగా ఉండాలంట. కుండలో తడి ఇసక పోసి అందులో పెట్టుకునేవాడు. ఎండలు ముదిరాక టౌన్లో డాక్టరమ్మ ఏమందంటే, ఈ ఎండకి నీ కుండ చాలదు, ఫ్రిజ్జు కొనుక్కో, ఈ మందు వేడెక్కితే ఉత్త నీళ్లతో సమానం, గడ్డ కట్టినా పనికిరాదు, అట్టాంటి మందు వేసుకుంటే నీ ప్రాణానికే ముప్పు, అందంట. ఈ మాట గుర్తు పెట్టుకోండి. వేడెక్కకూడదు, గడ్డ కట్టకూడదు. ఒక మనిషి ప్రాణం ఆ చిన్న సీసాలో ఉంది.

అన్నదమ్ములిద్దరూ ఉమ్మడిగా ఒకటి కొందామనుకున్నారు. నాంచారమ్మ ఒప్పుకుంటేగా. ఉమ్మడి ఫ్రిజ్జులో నా పెరుగు మీద మీగడ ఎవరు తీసుకుపోతారో, ఎవరు కాపలా కాస్తారు, అంది. తిరపతమ్మ మాత్రం తక్కువ తిందా, "నా కూరలో ఎవరేం కలుపుతారో నాకేం తెలుసక్కా" అందంట. సరే, నలుగురూ కలిసి టౌను పోయారు. ఆ షాపులో ఒక మూల బీరువా అంత ఫ్రిజ్జు నిలబడి ఉంది. ఎడం తలుపొకటి, కుడి తలుపొకటి, లోపల నడిమధ్య గోడ. నాంచారమ్మ చూసింది, కళ్లు ఇంతింత చేసుకుంది. ఇదిగో, ఇది అచ్చం మన ఇల్లే, అటు మాది, ఇటు మీది, అంది. షాపాయన నవ్వాడంట. "అమ్మా, ఇది రెండు కాపరాలకి కాదమ్మా. ఎడం పక్కంతా ఐసు కట్టేది, కుడి పక్క పాలకీ కూరలకీ. రెండు పక్కలూ ఒకే ఇంటోళ్లు వాడుకోవాలి" అన్నాడు. ఆయన ధర్మంగానే చెప్పాడు. కానీ ఈవిడ మొగుణ్ణి పక్కకి లాక్కుపోయి, చూశావా, మన చేత రెండు ఫ్రిజ్జులు కొనిపించాలని చూస్తన్నాడు, వాడి ఎత్తు నాకు తెలీదూ, అని మళ్లీ వచ్చి, ఇదిగో అబ్బాయా, ఒక్క మాట చెప్పు, చలవ పుట్టేది ఏ పక్కన, అని అడిగింది. "ఎడం పక్కనమ్మా. ఆడ పుట్టి, నడిమి గోడకి పైన బొక్కలుంటయ్యి, వాటిల్లో నుంచి కుడి పక్కకి పోద్ది" అన్నాడు. అంతే! పైచేను! చలవ పుట్టేది ఎడం పక్క, పారేది కుడి పక్కకి. ఎడం తలుపు నాది, పెద్దదాన్ని నేను, అని దాని మీద చెయ్యేసి నిలబడిందంట, ఎవరో ఎత్తుకుపోతన్నట్టు. తిరపతమ్మ నోరెత్తలా. ఎందుకెత్తుద్ది, పాలూ కూరలూ పెట్టుకునే పక్క దానికి దక్కిందిగా.

ఇంటికి తెచ్చారు. గుమ్మంలో పట్టలా! కొనబోయే ముందు గుమ్మం కొలుచుకోవాలని ఎవరికి తోచింది, ఎంతసేపూ ఒకళ్లనొకళ్లు కొలుచుకోటమే సరిపోయింది. షాపు మనుషులు తలుపులు రెండూ ఊడదీసి లోపలికి తెస్తంటే నాంచారమ్మ తన తలుపుకి పసుపు బొట్టు పెట్టిందంట, బిగించేటప్పుడు మార్చేస్తారని. సావిట్లో గోడకి ఆనించి పెట్టమంది. వెనక ఖాళీ వదలాలమ్మా, వేడి పోవాల, అన్నారు వాళ్లు. ఆ ఖాళీలో ఎవరన్నా నక్కితేనో, అంది. "జానెడు ఖాళీలో ఎవరు నక్కుతారే, బల్లులా?" అని పున్నారావన్నాడు. బిగించి చూస్తే ఏమైందంటే, ఎడం తలుపు కుడి తలుపు కన్నా వేలెడు కిందికి ఉంది. ఇంకేముంది! "పెద్దదాని తలుపు కిందా, చిన్నదాని తలుపు పైనా? ఏం పెట్టావే వీళ్లకి?" అని తిరపతమ్మ మీద పడింది. అమ్మా, మీ నేల ఎత్తుపల్లంగా ఉంది, అంతే, అని వాళ్లు కింద కాలికున్న మర తిప్పితే తలుపులు సమానమయినయ్యి. ఇంకొంచెం తిప్పండయ్యా, నాది రవ్వంత పైనుంటే మీ సొమ్మేం పోయింది, అందంట.

కొబ్బరికాయ కొట్టి, రెండు తలుపులకీ పసుపూ కుంకం పెట్టి హారతిచ్చారు. ఆ హారతి పళ్లెం పట్టుకుని నాంచారమ్మ ఒట్టేసింది. "ఈ తలుపు మాది, ఆ తలుపు మీది. ఒకళ్ల తలుపు ఇంకొకళ్లు తెరిచారా, నా పసుపుకుంకాల మీద ఒట్టే" అంది. ఎవరన్నా అట్టాంటి ఒట్టు పెట్టుకుంటారా? పసుపుకుంకాలంటే ఎవరు? ఎదురుగా నిలబడ్డ పున్నారావే గదా. పాపం, హారతి కళ్లకద్దుకోబోయినవాడు చెయ్యి అట్టే ఆపేశాడంట.

మర్నాడు ఎడం తలుపు తీస్తే మందు సీసా గడ్డ కట్టుకుపోయి ఉంది. పాలు రాయి. పెరుగు రాయి. టమాటాలు గోలీలు. కొత్తిమీర పట్టుకుంటే పొడి రాలింది. అదే వేళకి తిరపతమ్మ తన తలుపు తీస్తే, ఆ పక్క పెరుగు కమ్మగా, వంకాయలు నవనవలాడతా ఉన్నయ్యి. షాపాయన చెప్పింది గుర్తు రావాలా వద్దా? రాలా. ఈ తిరపతి ఏదో చేసింది, దానికి కావాల్సినంత చలవ లాక్కుని మిగిలిందంతా నా మీదకి తోసింది, అనుకుంది. ఏమే, ఇది ఐసు పక్క అని చెప్పాడు గదా, నా మందు తిరపతి పక్కన పెట్టుకుంటానే, అని పున్నారావు మెల్లగా అంటే, ఇంకేమన్నా ఉందా, నా ఒట్టు ఏం కావాల, ఆ మందులో అది ఏం కలిపినా అడిగే దిక్కుండదు, మళ్లీ కుండలోనే పెట్టుకో, అందంట.

పున్నారావు కొత్త సీసాలు తెచ్చుకుని ఏం చేశాడంటే, నాంచారమ్మ గేదె కాడ ఉన్నప్పుడు తిరపతమ్మ కాడికి పోయాడు. "అమ్మాయ్, ఒక ఉపకారం చెయ్యాల. ఈ మందు నీ పక్కన పెట్టు. నీ తలుపు నేను తియ్యను, ఒట్టుంది. నువ్వే తీసి ఇవ్వు, నువ్వే లోపల పెట్టు. మీ అక్కకి మాత్రం చెప్పమాక, ఇల్లు పీకి పందిరేసుద్ది" అన్నాడు. "అట్టాగే బావా, దానిదేముంది" అంది తిరపతమ్మ. ఎన్ని చెప్పండి, మంచి పిల్లే. ఆయన ఖాళీ అట్టపెట్టె ఒకటి కుండలో పెట్టాడు, పెళ్లాం చూసి నమ్మటానికి. చూశారా, ఎన్నడూ అబద్ధమాడని మనిషి, సొంత ఇంట్లో సొంత మందు దొంగతనంగా దాచుకోవాల్సొచ్చింది.

నాంచారమ్మ కళ్లు ఊరుకుంటయ్యా? రోజూ తను పాలు పితికే వేళకి సావిడిలో కుడి తలుపు చప్పుడు. ఒకరోజు గేదెని వదిలేసి వచ్చి వంటింటి తలుపు చాటున నిలబడింది. తిరపతమ్మ తలుపు తీసింది, అటూ ఇటూ చూసింది, కొంగు చాటు నుంచి ఏదో పున్నారావు చేతిలో పెట్టింది. ఆయన లోపలి గదిలోకి పోయి, కాసేపటికి చెమట తుడుచుకుంటా వచ్చాడు. ఈవిడ కంటికది మూతి తుడుచుకున్నట్టే కనపడింది. అప్పుడు తోచిందంట: పూతరేకులు! తిరపతమ్మ పుట్టింటోళ్లు పంపుతారు గదా, అయ్యి పెడతంది షుగరు మనిషికి! తీపి పెట్టి మంచి చేసుకుంటంది! ఎందుకు? మడవ కోసం! సరిగ్గా ఆ వారంలోనే పున్నారావు, వంతు రాకుండానే మడవ తీసి తమ్ముడికి నీళ్లొదిలాడు. మరదలు చేసిన ఉపకారానికి ఆయన చెయ్యగలిగింది అదేగా. కానీ నాంచారమ్మకి లెక్క సరిపోయింది.

అడిగితే పోయేది. ఏమయ్యా, ఏం తింటన్నావు, అని ఒక్క మాట. అడగదు. అడిగితే అబద్ధం చెప్తారని ముందే తెలుసంట ఆవిడకి. మొగుడు పొలం పోయాక ఎడం తలుపు తీసింది. నడిమి గోడకి పైన మూలగా బొక్కలు. వేలు పెట్టి చూస్తే గాలి అటు తోలతంది. ఓహో, నా చేలో పుట్టి నీ చేను తడుపుతందా, ఉండు చెప్తా, అని మొగుడి పాత పంచె చించి, ఉండ చుట్టి, గరిటె కాడతో పొడిచి పొడిచి కుక్కింది. పొలంలో గడ్డీ మట్టీ వేసి తొక్కి మడవ కడతామే, అట్టా కట్టింది. తలుపు మూసి, ఎరగనట్టు పోయి బియ్యం ఏరుకుంటా కూర్చుంది. ఒట్టు తప్పిందా? తప్పలా. ఎవరి తలుపూ తియ్యలేదుగా.

ఇక తిరపతమ్మ తిప్పలు చూడండి. పాలు విరిగినయ్యి. తోటకూర చీకిపోయింది. పెరుగు నోట్లో పెట్టలేనంత పులుపు. ప్లగ్గు పీకి మళ్లీ పెట్టింది. తలుపు సరిగ్గా పడట్లేదేమోనని రబ్బరు సందులో కాయితం పెట్టి లాగి చూసింది, బిర్రుగానే ఉంది. గిన్నెలు తగ్గించింది. శేషగిరి వెనక దూరి దుమ్ము దులిపాడు. లైటు వెలగతంది, మిషను బుయ్యిమంటంది, చలవ మాత్రం రాదు. దిష్టేమోనని నిమ్మకాయా మిరపకాయలూ కట్టింది. "అక్కా, నీ పక్క చల్లగానే ఉందా?" అని అడిగితే, "నాకు బాగానే ఉంది. ఎవరి గుణం కొద్దీ వాళ్లకి" అందంట నాంచారమ్మ, లోపల మురిసిపోతా. షాపుకి ఫోను చేస్తే మెకానిక్కు రేపొస్తాడన్నారు. ఆ రేపు రానే రాలా. బావా, లోపల వెచ్చగా ఉంది, నీ మందు ఏమవుద్దో, అని తిరపతమ్మ భయపడితే, పర్లేదులేమ్మా, కుండ కన్నా నయమే, రేపొస్తాడంటగా, అన్నాడు ఆయన.

వేసుకునేది మందో నీళ్లో ఎవరికి తెలుసు. పున్నారావుకి దాహం. చెంబులకి చెంబులు తాగతన్నాడు. కళ్లు మసక. చొక్కా వేలాడిపోతంది. నాంచారమ్మ చూడట్లా? చూస్తంది. చూసి ఏమనుకుందంటే, ఇది ఇంకా పూతరేకులు పెడతానే ఉంది, అని ఆ గుడ్డ మీద అదే పంచెలో ఇంకో ముక్క కుక్కిందంట! నాకు ఈడే ఒళ్లు మండుద్ది. ఎదురుగా మొగుడు కరిగిపోతంటే నీకు పూతరేకులు కనపడతన్నయ్యే! చెయ్యి పట్టుకుని అడగవే! ... సర్లే. నా అరుపు ఆవిడకి వినపడుద్దా.

ఒక పొద్దున మడవ కాడ పార ఆనుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఒరిగి కాలవలో పడ్డాడు. కింది చేలో శేషగిరి ఉండబట్టి సరిపోయింది. అన్నా అన్నా అని పరిగెత్తుకొచ్చి, లేపి, భుజానేసుకుని రోడ్డెక్కాడంట. ఆటోలో టౌనుకి తీసుకుపోయారు. ఆడవాళ్లిద్దరూ వెనకే పోయారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ, సూది వేసుకుంటన్నాడా, అంది. ఒక్క పూట మానలేదమ్మా, అన్నాడు శేషగిరి. నాంచారమ్మ అప్పటిదాకా పళ్లు బిగబట్టుకుని ఉంది, ఇక ఆగలా. నలుగురిలో తిరపతమ్మ జుట్టు పట్టుకున్నంత పని చేసింది. "చెప్పవే! నా మొగుడికి కొంగు చాటున ఏం పెట్టావో చెప్పు! పూతరేకులు పెట్టి చంపుతావటే?" అంది. తిరపతమ్మ బిత్తరపోయింది. ఏడుపొచ్చేసింది. "పూతరేకులేందక్కా? బావ మందు అక్కా అది. నీ పక్కన గడ్డ కడతందని నా పక్కన పెట్టుకున్నాడు. నా తలుపు తను తీస్తే నీ ఒట్టు తగులుద్దని, నా చేతే తీయించుకునేవాడు" అంది. డాక్టరమ్మ, అయితే ఆ ఫ్రిజ్జు బాగానే చల్లగా ఉంటందా, అని అడిగింది. "లేదమ్మా, ఈమధ్య నా పక్కకి చలవే అందట్లా. ఎందుకో తెలీట్లా" అంది తిరపతమ్మ. మందు వేడెక్కి పాడైపోయింది, ఇన్ని రోజులూ మనిషి మందు లేకుండా ఉన్నట్టే, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదు, ఇప్పుడు కూడా రాత్రి గడవాల, అందంట ఆవిడ. నాంచారమ్మ పోయి పక్కనున్న బల్ల మీద కూర్చుని తన కుడి చేతి వంకే చూసుకుంటా ఉండిపోయిందంట.

శేషగిరి అన్న కాడ ఉండి, మీరు పోయి బట్టలూ గంజీ తీసుకురండి అన్నాడు. ఇంటికొచ్చారు. వచ్చీ రాంగానే నాంచారమ్మ ఎడం తలుపు తీసి ఆ గుడ్డ పట్టుకుని లాగింది. రాదే! గడ్డ కట్టుకుపోయింది. గోళ్లతో పీకతంది, రాదు. తలుపు తెరిచి ఉందని ఆ ఫ్రిజ్జు కుయ్ కుయ్ మని మొత్తుకుంటంది. తిరపతమ్మ వచ్చి చూసింది. పెద్దావిడ చెయ్యి లోపల, వేళ్లు ఎర్రగా కమిలిపోయి. ఏందక్కా అనలా. ఏం చేశావక్కా అనలా. పోయి వేణ్ణీళ్లు తెచ్చి ఆ గుడ్డ మీద చల్లింది. తర్వాత తన తలుపు తీసి, ఆ పక్క బొక్కల్లో నుంచి గంటె కాడ పెట్టి పొడిచింది. ఈ పక్క నుంచి ఒకామె లాగతంది, ఆ పక్క నుంచి ఒకామె నెడతంది. వచ్చింది ఆఖరికి. కింద పడితే తిరపతమ్మ తీసి విప్పింది. పచ్చ అంచు.

"బావ పంచె గదక్కా ఇది" అంది.

"అవునే. నేనే కట్టానే మడవ. నీకనుకుని నా మొగుడికే కట్టుకున్నానే" అని నాంచారమ్మ ఆ సావిట్లోనే కూలబడి ఏడ్చిందంట. ఆ ఏడుపు నా చెవులారా విన్నా. తిరపతమ్మ ఓదార్చలా. ఎందుకు ఓదార్చుద్ది, జుట్టు పట్టుకోబోయిన సంగతి అప్పుడే మరిచిపోద్దా? "లే అక్కా, గంజి కాయాల. బావ కాడికి పోవాల" అంది, అంతే. ఇదంతా నీకెట్టా తెలుసు అని చూస్తన్నారా? పక్కిల్లే నాది. నడిమి గోడకి ఒక ఇటిక ఊడింది. నేను ఊడదియ్యలా, దానంతటదే ఊడింది.

ఆ రాత్రి గడిచింది. పున్నారావు బతికాడు. చిక్కి సగమై ఇంటికొచ్చాడు. ఆయన గడప తొక్కకముందే నాంచారమ్మ మళ్లీ హారతి వెలిగించి, నేను పెట్టిన ఒట్టు నేనే తీసేస్తన్నా, తప్పయింది తల్లీ, అని ఆ రెండు తలుపులకీ దణ్ణం పెట్టిందంట. కొత్త మందు తన చేత్తోనే కుడి తలుపు తీసి లోపల పెట్టింది. పెట్టేటప్పుడు తిరపతమ్మ గిన్నెల మీద మూతలెత్తి చూసిందనుకో. చూడకుండా ఉండుద్దా, పుట్టుకతో వచ్చింది ఎటు పోద్ది. తర్వాత వంతుకి పైచేలో మడవ కూడా తనే పోయి తీసింది. తీసి, గట్టు మీద కూర్చుని, నీళ్లు ఎన్ని పోతన్నయ్యో చూస్తానే ఉందంట. అయినా తీసిందిగా.

ఇప్పటికీ రోజూ పొద్దున్నే, పాలు పితకబోయే ముందు, నాంచారమ్మ ఎడం తలుపు తీసి ఆ బొక్కల కాడ వేలు పెట్టి చూసుద్ది. చూసి, పైచేలో నుంచి కింది చేలోకి కేకేసినట్టు, "తిరపతీ, అందతందా?" అని అరుసుద్ది. తిరపతమ్మ తన తలుపు తీసి, మందు సీసా చేత్తో తడిమి చూసి, "అందతందక్కా" అంటది. ఆ మాట వినందే ఆవిడ గేదె కాడికి పోదు.

ఇంతే కత. నా ఇంట్లో ఫ్రిజ్జు ఉందా అంటావా? ఉంది. ఒక్క తలుపుదే. తాళం కూడా ఉంది, తాళంచెవి నా రొంటినే ఉంటది. ఏమే, ఆ గింజల గంప ఇటు తే, తీసినయ్యి ఎన్నో తిన్నయ్యి ఎన్నో నేను చూడాల. ఏమయ్యా, ముందా ఫోను ఆపు. ఆపి, నాకు చూపించు.